పక్కనుంచి పోయిన గాలి

విజయేందర్‌కు నోరుంది, చెయ్యి లేదు. ఈ మాట రాజనర్సయ్య పదిహేడేళ్లుగా లోపల అనుకుంటున్నదే. పైకి ఒక్కసారీ అనలేదు. అమీర్‌పేట గల్లీలో ఆ కార్ల షెడ్డు విజయేందర్‌ది. అందులో వెనక మూల మాత్రం రాజనర్సయ్య కూర్చుని రేడియేటర్లు అతికే చోటు.

పొద్దున పదింటికే పైరేకులు కాగుతున్నాయి. రాజనర్సయ్య ఓ ఎర్ర కారు ముందు బోర్లా పడుకుని ఉన్నాడు. నెరిసిన గడ్డం, టంకం చిట్లి మచ్చలు పడ్డ ముంజేతులు, గోరు లేని బొటనవేలు. కారు అనుదీప్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది. టర్బో గాలిని కుక్కుతుంది, కుక్కిన గాలి కాగుతుంది. అది చల్లారితేనే ఇంజిన్‌కు బలం. చల్లార్చడానికి విజయేందర్ పెద్ద ఇంటర్‌కూలర్ తెప్పించి ముందు బిగించాడు. దాని పైపులు అతికింది రాజనర్సయ్య. అయినా పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి లోపలి గాలి డెబ్బై ఎనిమిది డిగ్రీలు. బండి మూలుగుతోంది.

“నీ అతుకే లీకు, నర్సయ్యా. సాయంత్రానికి యాభై ఐదుకు దించకుంటే సామాను సదురుకో.”

“నీళ్లల్ల ముంచి సూడు సార్. ఒక్క బుడగొచ్చినా నేనే పోత.”

విప్పి, గాలి పట్టి, తొట్టిలో ముంచారు. బుడగ రాలేదు. విజయేందర్ ఫోన్ చెవికి పెట్టుకుని అటు తిరిగాడు.

మళ్లీ బిగించాక రాజనర్సయ్య కారు ముందు టేబుల్ ఫ్యాను పెట్టి, గుప్పెడు అగరుబత్తులు వెలిగించాడు.

“ఏంది, బండికి పూజనా?”

“నీ కూలర్‌కు దినం జేస్తున్న.”

పొగ కూలర్ రెక్కల్లోకి పోలేదు. దాని చుట్టూ నాలుగు వేళ్లు పట్టే సందుంది. అందులోంచి జారి వెనక్కి పోయింది. రోడ్డు మీద ఎదురుగాలి పోయేదీ అలాగే. ఆ సందులు మూయాలని బిగించిన రోజే రాజనర్సయ్య చెప్పాడు. బయటికి కనబడని పనికి టైం ఎందుకని విజయేందర్ కొట్టిపారేశాడు.

అన్నం డబ్బా తెరవకుండానే రేకు కత్తిరించాడు, వంచాడు, అంచులకు పాత ట్యూబు రబ్బరు అతికించి నాలుగు వైపులా మూశాడు. ఈసారి పొగంతా రెక్కల్లోంచే దూరింది.

నాలుగింటికి అనుదీప్ వచ్చాడు. ముగ్గురూ అదే ఫ్లైఓవర్ ఎక్కారు. వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని రాజనర్సయ్య ముందు డిగ్రీలు చూపే ఫోన్ తెరకేసి చూస్తున్నాడు. బయట నలభై. లోపలి గాలి యాభై ఒకటి దాటలేదు.

“మస్తుందన్నా! ఇంతకుముందు ఏమైండె?” అన్నాడు అనుదీప్.

“మా ముసలాయన అతుకు లీకుండె. నేనే దగ్గరుండి సరిజేయించిన,” అన్నాడు విజయేందర్.

ఆ మాట మింగితే షెడ్డులో తన మూల మిగులుతుంది. పదిహేడేళ్లు మింగాడు.

“లీకు లేదు బాబూ. పొద్దుగాల నీళ్లల్ల ముంచి సూసిండు సుత. సందులు మూసుడు వద్దన్నది గీ సారే.”

బండి షెడ్డు ముందు ఆగింది. అనుదీప్ ఇద్దరినీ దించి వెళ్లిపోయాడు.

“రేపటికెల్లి రాకు,” అన్నాడు విజయేందర్, తాళాలు ఆడిస్తూ.

రాజనర్సయ్య కత్తెర, సుత్తి, టంకం గన్ను సంచిలో వేసుకుని బోరబండ బస్సెక్కాడు.

అతనికి పోయింది ఎనిమిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు నేల. దాని మీద, కూర్చుని కూర్చుని నడుమ గుంటపడ్డ పొట్టి కర్రపీట.