రాయకుండా మిగిలిన ఒక్క వరస

పచ్చి అరటికాయల ముద్ద, మా మటోకే, అరటాకుల్లో ఉడుకుతోంది. "పరీక్షంటే పరీక్షే గానీ, అమ్మ వచ్చే వేళకి పొయ్యి మీంచి దించెయ్. మాడిందంటే మాటొస్తుంది" అన్నాడు మా ఆయన కిగ్గుండు, సోఫాలోంచి లేవకుండా. పొయ్యి ఆయనకే దగ్గర.

నేను లాప్‌టాప్ ముందున్నాను. పాసైతే కంపాలాలో శిక్షణ, ఆ పైన ఉద్యోగం. కెమెరాలోంచి ముఖం తప్పితే పరీక్ష రద్దు, మళ్ళీ రాయనివ్వరు. లెక్క చిన్నదే. ఏ సంఖ్య ఇచ్చినా దాని అంకెలన్నీ కూడి చెప్పే ప్రోగ్రాం పైథాన్‌లో రాయాలి. పదితో భాగిస్తే మిగిలే శేషమే చివరి అంకె. అంతవరకూ రాశాను, కానీ అది ఆగి చావడం లేదు. నాలుగు వందల డెబ్బై రెండు ఇస్తే రెండు తీసుకుంటోంది, మళ్ళీ రెండు, మళ్ళీ అదే రెండు. వెనక ఏడూ నాలుగూ ఉన్నాయన్న ధ్యాసే లేదు దానికి. ఈ ఇంట్లో నా గతీ అంతే. వండే చేతులు తప్ప నాకు ఇంకేమైనా ఉందేమోనని ఎవరూ చూడలేదు. "డిగ్రీ చదివినా గరిటె బాగానే తిప్పుతుందే" అని పెళ్ళయిన కొత్తలో మామగారు మెచ్చుకుంటే, సిగ్గులేకుండా సంతోషించాను కూడా.

అప్పుడు తట్టింది. తీసుకున్న అంకెను సంఖ్యలోంచి తీసెయ్యడం మర్చిపోయాను. ఒక్క వరస రాస్తే చాలు. వేళ్ళు కీబోర్డు మీద పెట్టాను.

తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. "ఏమ్మా నాన్సికోంబీ, ఇంట్లో అంతా కులాసానా?"

మోకాళ్ళు నన్ను అడగలేదు. పెద్దవాళ్ళు గుమ్మంలో కనిపిస్తే నేల మీద మోకరిల్లడం నాకు మాటలకంటే ముందొచ్చిన విద్య. "కులాసానే అత్తయ్యా. ఊళ్ళో అందరూ బావున్నారా? తోట ఎలా ఉంది? మీ నడుం నొప్పి?" పలకరింపులు పూర్తయ్యేదాకా లేవకూడదు. లేచి చూస్తే తెర మీద ఒకటే మాట: అభ్యర్థి సీటులో లేరు, పరీక్ష ముగిసింది.

"అయ్యో, కూర్చునే పలకరిస్తే నేనేమన్నా అనేదాన్నా తల్లీ!" అంది అత్తగారు. నిజంగానే బాధపడింది.

ఆయన పకపకా నవ్వాడు. "చూశావా అమ్మా, కంప్యూటర్ కంటే నువ్వే గొప్ప! సరే గానీ, మటోకే ఏదీ?"

మటోకే మాడింది. మాటా వచ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు, లోపల ఏమీ మిగల్లేదనిపించింది.

సాయంత్రం వెళ్తూ అత్తగారు గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది. ఈసారి నిలబడే సాగనంపుదామనుకున్నాను. రాయని ఆ వరస ఇంకా తలలో తిరుగుతూనే ఉంది. మా ఆయన నన్నే చూస్తున్నాడు.

ఈసారి మోకాళ్ళు నన్ను అడిగాయి. సరేనన్నది నేనే.