మొదటి ముద్ద

మునెమ్మ ఆవు గుజ్జి మనిషి నడుమెత్తు కూడా ఉండదు. పుంగనూరు జాతి. రామసముద్రం చుట్టుపక్కల ఆ జాతి కోడె ఒక్కటీ మిగల్లేదు. మూడేళ్లు వెతికి, పలమనేరు వైపు ఒకటుందని తెలిసి అంత దూరమూ ఆవును నడిపించుకుపోయింది. ఆవు చూలు నిలిచింది. ఇప్పుడు ఎనిమిదో నెల. ఈ దూడ పుడితే తన కొట్టంలో ఆ జాతి నిలుస్తుంది, లేకుంటే గుజ్జితోనే సరి. రెండువేల మూడు అది. వానలు మొహం చాటేసి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో గడ్డిపోచ లేదు.

కొండ కింద అడవి లోయలో కొత్తగా పార్కు పెట్టారు. చెరువులో పడవలు, చెట్లకు ఉయ్యాలలు, నీడన కూర్చుని భోజనాలు. దాని మేనేజరు లోకనాథ్ స్వయంగా వచ్చి అడిగాడు. "పొట్టి ఆవును పిల్లోళ్లు సూస్తారక్కా. గడ్డీ నీళ్లూ మావి. నువ్వూ ఆడనే ఉండు." కాదనడానికి ఆమె దగ్గర ఏముంది? తోలుకెళ్లింది.

మొదటి రోజు ఒక పాప భయపడి దూరంగా నిలబడితే మునెమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "మా ఇంట్లో మొదటి ముద్ద దీనికే తల్లీ. నువ్వూ పెట్టు, ఏం సెయ్యదు." పాప పెట్టింది. గుజ్జి అరచెయ్యి నాకితే కిలకిలా నవ్వింది. ఆ ముచ్చట చూసిన లోకనాథ్ వారం తిరక్కుండా బోర్డు రాయించాడు, 'మొదటి ముద్ద గోమాతకు' అని. తన మాటను రంగుల్లో చూసుకుని మునెమ్మ మురిసిపోయింది కూడా, పిచ్చిది.

ఇంట్లో అయితే తనూ, మొగుడు బైరప్పా. ముద్దలు రెండే. సెలవుల్లో ఒక ఆదివారం లోయకు వచ్చినవి రెండు వందల కుటుంబాలు. పులిహోర, పెరుగన్నం, పొంగలి పట్టుకుని వరస కట్టారు. అంత అన్నం తింటే పశువు బతకదని పశువులు కాచినదానికి తెలియదా? తెలుసు. కానీ ఆవుకు పెట్టబోయే చేతిని అడ్డుకోవడం పాపమని పుట్టినప్పటి నుంచీ విన్నది. వద్దన్న మాట నోటికి రాలేదు. "మా పాప పుట్టినరోజమ్మా, ఈ ఒక్కటీ పెట్టనీ" అని ఒకామె అంటే మునెమ్మ పక్కకు జరిగింది. ఆమె తర్వాత ఇంకొకామెకూ జరిగింది.

సాయంత్రానికి గుజ్జి ఎడమ డొక్క ఉబ్బి బిగిసిపోయింది. నూనె తాగించారు. పశువుల డాక్టరు వచ్చి సూది వేసి, పెదవి విరిచి వెళ్లాడు. తెల్లవారేసరికి ఆవు పోయింది. దూడ కడుపులోనే పోయింది. ఏదైనా కదులుతుందేమోనని మునెమ్మ దాని పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. ఏమీ కదల్లేదు.

ట్రాక్టర్లో ఎత్తుకుపోయారు. "ఏడవొద్దక్కా," అన్నాడు లోకనాథ్. "సంతలో ఇంకో ఆవును తెస్తాం. బోర్డు ఎట్లాగూ ఉండాది గదా." అతను చెడ్డవాడు కాదు. ఆ మాటను ఓదార్పనుకునే అన్నాడు. మునెమ్మకు అందుకే మరీ కడుపు కాలింది.

ఇంటికి పోయి బైరప్పకు ఏం చెప్పాలో తెలియక, పార్కులో ఆవును కట్టేసిన గుంజ దగ్గరే కూలబడింది. ఎండ ఎక్కేసరికి బస్సుల్లో జనం దిగారు. ఆరేళ్ల పిల్ల ఒకతె ఆకులో ముద్ద పెట్టుకుని వచ్చింది.

"అవ్వా, ఆవు యాడ?"

"వద్దు తల్లీ," అంది మునెమ్మ. "పెట్టొద్దు."

ఎంత తేలిగ్గా వచ్చిందా మాట. నిన్న ఒక్కసారి ఇలా వచ్చి ఉంటే దూడ బతికేది.

పిల్లకు అర్థం కాలేదు. బోర్డు వైపు చూసింది, మునెమ్మ వైపు చూసింది. ముద్దను గుంజ మొదట్లో పెట్టి, దండం పెట్టుకుని పరుగెత్తింది. ఆ పిల్ల వెనక ఇంకా నలుగురు ఆకులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

మునెమ్మ పక్కకు జరిగింది.