అన్నం ఆగే హోటలు

రొంపిచర్ల దగ్గర పల్లెలో రత్తమ్మ తెల్లారి లేచి వాకిలి ఊడ్చుకుందంటే, ఇక మోదుగాకులు ముందేసుకుని కూర్చోవడమే. సన్నటి పుల్లలతో ఆకుకి ఆకు గుచ్చుతూ మధ్యాహ్నానికి యాభై, పొద్దు గూకేసరికి వంద విస్తళ్లు కుట్టేది. పులుసు పోసినా చుక్క కారేది కాదు. కాకపోతే వాటికో గుణముంది. ఒకరి నోరు కొట్టినవాడు వాటి ముందు కూర్చుంటే అన్నం ఆగదు. వడ్డించింది వడ్డించినట్టే మెల్లగా జరిగి, అంచు దాటి కింద పడిపోతుంది. రత్తమ్మ తల్లి కుట్టిన విస్తళ్లూ అంతే. అందుకే నరసరావుపేట చుట్టుపక్కల ఏ పెళ్లిలోనైనా రత్తమ్మ విస్తళ్లు వేస్తున్నారని తెలిస్తే, కొందరు పెద్దమనుషులకు సరిగ్గా అప్పుడే కడుపులో బాగుండేది కాదు. గ్లాసుడు మజ్జిగ తాగి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి విస్తళ్లు కొనడానికి పేట నుంచి రిక్షా కట్టించుకుని మరీ వచ్చింది హనుమాయమ్మ. ఆమె భర్త రామబ్రహ్మానికి పేటలో పురుగుమందుల కొట్టుంది. ఆ ఏడు మందు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్లు భార్యలతో సహా సింగపూర్ తీసుకుపోతున్నారు. రామబ్రహ్మానికి కోటప్పకొండ మొక్కుంది. మాఘమాసం మొదలు శివరాత్రి తిరునాళ్ల దాకా మొగుడూ పెళ్లాలు మోదుగ విస్తట్లో తప్ప తినకూడదు. సింగపూర్ ప్రయాణం సరిగ్గా మాఘమాసంలో పడింది.

"నలభై విస్తళ్లు కట్టియ్యవే రత్తమ్మా. ఊరికే కూర్చున్నారు, నాలుగు డబ్బులొస్తయ్ గదాని నీ దగ్గరికే వచ్చా" అంది హనుమాయమ్మ. ఎక్కడైనా కొనుక్కోవచ్చు, పుణ్యానికి ఇక్కడికొచ్చానని ఆమె ఉద్దేశం.

రత్తమ్మ చేతిలో పుల్ల ఆగింది. "నా విస్తళ్ల సంగతి మీకు తెలుసు గదమ్మా."

"తెలవకేం? మేం ఎవరి నోరు కొట్టామే?"

రత్తమ్మ నలభై లెక్కపెట్టి అరటినారతో కట్టింది. అరుగు మీద ఆమె మొగుడు పోలయ్య పవర్ స్ప్రేయర్ విప్పుకుని గుడ్డతో తుడుస్తున్నాడు. రెండు నెలలుగా ఎవరూ పిలవని మనిషి రోజూ పొద్దున్నే దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

ఎందుకు పిలవడం లేదంటే, ఆ ఏడు పత్తి మీద తెల్లదోమ పడింది. ఊళ్లో నలభై ఇళ్ల వాళ్ల చేలకూ రామబ్రహ్మం కొట్టు నుంచి తెచ్చిన మందునే పోలయ్య కొట్టాడు. ఒకసారి కాదు, ఏడుసార్లు. దోమ చావలేదు. ఆకులు జిగటలెక్కి నల్లబడ్డాయి, కాయ విచ్చకుండానే రాలిపోయింది. కంపెనీ వాళ్లు కారేసుకుని వచ్చి, గట్టు దిగకుండానే తేల్చేశారు. మందు బంగారం లాంటిదట. పోలయ్యే సగం అమ్ముకుని నీళ్లు కొట్టాడట. కారులో వచ్చినవాడు చెప్పాక ఇంకేం కావాలి? పదిహేనేళ్లుగా తమ చేలల్లో ఆ మందు కంపు పీల్చి పీల్చి దగ్గుతున్న మనిషిని ఊరు ఊరంతా ఒక్క పూటలో దొంగను చేసేసింది. పోలయ్య దీపం ఆర్పి ప్రమాణం చేస్తానన్నాడు. వినలేదు. రచ్చబండ దగ్గర అందరి ముందూ రత్తమ్మ విస్తట్లో అన్నం పెట్టుకుని తిన్నాడు. మెతుకు కదల్లేదు. దానికి రైతు కోటేశ్వర్లు ఏమన్నాడో తెలుసా? "పెళ్లాం కుట్టింది గదా, మొగుడికి కదులుద్దా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్విన నోళ్లలో మట్టి పడ.

శివరాత్రి వెళ్లాక, పత్తి ఎందుకు పోయిందో తేల్చడానికి గవర్నమెంటు ఆఫీసరు విచారణకు వస్తాడు. ఆలోపు 'మందు కొత్త సరుకే, కొట్టినవాడిదే తప్పు' అని డీలర్లందరి చేతా సంతకాలు తీసుకోవాలి. ఆ కాగితం పెట్టుకునే కంపెనీ మేనేజరు విమానం ఎక్కాడు. ఆ సంతకాలు పడితే పోలయ్య మీద కేసు నడుస్తుంది. ఇది డీలర్లందరికీ తెలుసు. భార్యలకు కూడా తెలుసు, తెలియనట్టు ఉన్నారంతే.

సింగపూర్‌లో మొదటి భోజనం వాళ్లు దిగిన పెద్ద హోటల్లోనే. సఫారీ సూటు వేసుకున్న రామబ్రహ్మం చంకలో విస్తళ్ల కట్టతో వచ్చి, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద రెండు విస్తళ్లు వేశాడు. అన్నం వడ్డించుకున్నాడు. పప్పు కలపబోయేలోగా అన్నం కదిలి, నింపాదిగా అంచు దాకా పోయి, ఆయన ఒళ్లో పడింది. హనుమాయమ్మ అన్నం కూడా జారి ఆమె పట్టుచీర కుచ్చిళ్ల మీద పడింది. పక్కన కూర్చున్న మాచర్ల డీలరు బసవయ్య చూసి, "రత్తమ్మ విస్తళ్లా?" అని అడిగి, కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నాడు. హోటలు కుర్రవాడు చీపురు తెచ్చి ఊడ్చుకుపోయాడు.

"బియ్యం మంచియ్యి కాదు. పొడిపొడిగా ఉంది, అందుకే నిలవట్లా. రేపు వేరే హోటలుకి పోదాం" అన్నాడు రామబ్రహ్మం.

అలా మొదలైంది అన్నం ఆగే హోటలు కోసం వాళ్ల వెతుకులాట. మిగతా డీలర్లు ఎత్తు మేడలు చూద్దామని, పక్షుల తోట చూద్దామని పోతుంటే, వీళ్లిద్దరూ కట్ట పట్టుకుని హోటళ్లు తిరిగారు. రెండో రోజు రేకుల కప్పు కింద వంద దుకాణాలున్న చోటికి పోయారు. ఒక దుకాణంలో బాతులు ఎర్రగా కాలి మెడలతో వేలాడుతున్నాయి. ఇంకో చోట పీతలు బతికుండగానే బేరానికున్నాయి. హనుమాయమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచింది. చివర్న ఒక చీనా ముసలమ్మ ఉత్త అన్నం అమ్ముతోంది. చెంచా దింపితే లేవనంత ముద్ద అన్నం.

"ఇదెట్లా జారుద్దో చూస్తా" అన్నాడు రామబ్రహ్మం ఉత్సాహంగా.

ముద్ద ముద్దగానే జారింది. ముసలమ్మ గుడ్డతో బల్ల తుడిచి ఇంకో ముద్ద వేసింది. అదీ పోయాక ఆమె విస్తరి వంక చూడలేదు, వీళ్ల మొహాల వంక చూసింది. ఆ చూపుకి హనుమాయమ్మకు ఒళ్లు మండిపోయింది. భాష రాని మనిషికి కూడా తెలిసిపోయిందే!

"కొండమీది కోటయ్యకి మాట తప్పవు. కిందున్న పోలయ్య మాటేంది?" అంది భర్తతో, దారిలో నిలబడి.

"గట్టిగా అరవమాకే. బసవయ్య వింటాడు."

"విననీ! నీ పాపానికి నాకు అన్నం లేకుండా పోయింది."

మూడో రోజు ఆమె విడిగా, వేరే బల్ల దగ్గర కూర్చుంది. మొగుడి పక్కన కూర్చోబట్టే తన అన్నం జారుతోందని ఆమె నమ్మకం. అయినా జారింది. అప్పుడిక కోపం రత్తమ్మ మీదికి మళ్లింది. కట్టించుకునేటప్పుడే నసిగింది, ఏదో చేసి ఉంటుంది. పోనీలే పాపమని పోతే ఇదా చేసేది? కాఫీలతో, అరటిపళ్లతో కడుపు నింపుకుంటూ ఆ రోజంతా రత్తమ్మను తిట్టుకుంది.

నాలుగో రోజు సెరంగూన్ రోడ్డులో అరవాళ్ల భోజన హోటలు దొరికింది. సాంబారు వాసన వీధి చివరికి కొడుతోంది. రామబ్రహ్మం అన్నంలో గుంట చేసి, చెరువుకట్టలా చుట్టూ గట్టు కట్టి సాంబారు పోయించుకున్నాడు. గట్టు గట్టే నడిచిపోయింది.

హనుమాయమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచింది. పెరటి గోడకు ఆ హోటలు ఆవిడ సినిమా కాగితం అంటిస్తోంది. పక్కన సత్తు గిన్నెలో ఉడికించిన మైదా జిగురు. ఆ వాసన ముక్కుకి తగలగానే హనుమాయమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

కిందటి వినాయకచవితి ముందు తన వంటింట్లో కూడా అలాగే మైదా ఉడికింది. "చీటీలు తడిసి పాడయినయ్ అమ్మా, కొత్తవి పంపాం, అంటించండి" అని మేనేజరు కబురు చేస్తే, వసారాలో కూర్చుని రెండు రోజులు డబ్బాల మీద కొత్త చీటీలు అంటించింది తనే. పాత చీటీలు తడవలేదు. శుభ్రంగా ఉన్నాయి. వాటి మీద మందు తయారైన సంవత్సరం ఎనభై నాలుగు అని ఉంది. ఇది ఎనభై ఏడు గదా అనుకుంది కూడా. అనుకుని, జిగురు పూసింది.

రత్తమ్మను తిట్టిన తిట్లన్నీ తిరిగి తనకే తగిలాయి. రత్తమ్మ ముందు నిలబడి 'మేం ఎవరి నోరు కొట్టామే' అన్న మాట గుర్తొచ్చి, సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఏడవలేదు. అంత కోపంలో ఏడుపెక్కడ వస్తుంది? ఈసారి కోపం తన మీదే.

ఐదో రోజు మధ్యాహ్నం కంపెనీ వాళ్ల వీడ్కోలు విందు. రామబ్రహ్మం మొక్కుని మన్నించి మేనేజరు ఆ అరవ హోటల్లోనే ఏర్పాటు చేశాడు. వడ్డన అవుతుండగా కాగితం బయలుదేరింది. ఒక్కొక్కరే చదవకుండా సంతకం పెట్టి పక్కకు జరిపారు. బసవయ్య నెయ్యి చేతిని తొడకు తుడుచుకుని పెట్టాడు. కాగితం రామబ్రహ్మం ముందుకొచ్చింది. ఆయన విస్తట్లో అన్నం అప్పటికే అంచు వైపు కదులుతోంది. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

హనుమాయమ్మ లేచి నిలబడింది. "నేనొక మాట చెప్పాలి."

"మీరు భోంచెయ్యండమ్మా, ఇది వ్యాపారం సంగతి" అన్నాడు మేనేజరు నవ్వుతూ.

"ఎక్కడయ్యా భోంచేసేది? ఐదు రోజుల్నుంచి చూస్తన్నారు గదా అందరూ! ఒక్కరన్నా ఏందమ్మా అని అడిగారా? ఆ డబ్బాలకి కొత్త చీటీలు అంటించింది నేను. కింద ఎనభై నాలుగు అనుంది. ఈ కళ్లతో చూశా. పోలయ్య నీళ్లు కొట్టలా. మీరు చచ్చిన మందు పంపిచ్చారు, ఈయన అమ్మాడు, నేను చీటీ అంటించా. ముగ్గురం కలిసి ఆ మనిషి నోరు కొట్టాం. ఆఫీసరొస్తే ఇదే చెబుతా. రాసుకుంటే రాసుకోండి."

మేనేజరు నవ్వు మొహం మీదే ఎండిపోయింది. బసవయ్య పాయసం తాగాడు. హనుమాయమ్మ కూర్చుంది. అంచు దాకా వెళ్లిన ఆమె అన్నం మెల్లగా వెనక్కి జరిగి విస్తరి నడిమధ్యకు వచ్చి ఆగింది. ఆమె కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోలేదు. అయినా అంత కమ్మటి అన్నం తను ఎన్నడూ తినలేదనిపించింది. "ఇంకాస్త పెట్టు నాయనా" అంది వడ్డించే అతనితో.

రామబ్రహ్మం ఆమె విస్తరి వంక చూశాడు. తన విస్తరి వంక చూసుకున్నాడు. పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆయన అన్నం ఎక్కడిదక్కడ ఆగింది. మధ్యకు మాత్రం రాలేదు. అంచున నిలిచిన ఆ అన్నానికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి వంగి నాలుగు ముద్దలు తిన్నాడు.

శివరాత్రి వెళ్లిన వారానికి పేటలో విచారణ జరిగింది. హనుమాయమ్మ కొట్లో మిగిలిన డబ్బా ఒకటి పట్టుకెళ్లి, ఆఫీసరు ముందే తడిగుడ్డతో చీటీ రుద్దింది. కొత్తది ఊడొచ్చి, పాతది బయటపడింది. "మా ఆవిడ చెప్పేది నిజమేనండి" అన్నాడు రామబ్రహ్మం, తల వంచుకుని. పోలయ్య మీద కేసు లేదని ఆఫీసరు రాసుకుపోయాడు. నలభై ఇళ్ల వాళ్లూ విన్నారు. విని, బస్సు టైమవుతోందని వెళ్లిపోయారు. ఒక్కడు కూడా పోలయ్య మొహం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే కోటేశ్వర్లు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, ఏమీ జరగనట్టే. "ఒరేయ్ పోలయ్యా, మిరపచేనుకి మందు కొట్టాల్రా. వస్తావా?"

పోలయ్య అతను తెచ్చిన మందు డబ్బా చేతిలోకి తీసుకుని, మూత కన్నా ముందు చీటీని గోటితో గీకి చూశాడు. కింద ఇంకో చీటీ లేదు. స్ప్రేయర్ భుజానికెత్తుకున్నాడు.

ఎండెక్కేసరికి సగం చేను అయింది. రత్తమ్మ చద్ది తెచ్చింది. పోలయ్య గట్టు మీద ఒక విస్తరి పరుచుకుని, ఎదురుగా ఇంకొకటి పరిచాడు.

"రా బాబాయ్, రెండు ముద్దలు తిందువు."

కోటేశ్వర్లు కూర్చోబోయి, మోకాళ్లు వంచినవాడల్లా ఆగాడు. విస్తరి వంక చూశాడు. పోలయ్య తొందరపెట్టలేదు, రత్తమ్మ అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

"తప్పయిందిరా పోలయ్యా" అన్నాడు కోటేశ్వర్లు.

"కూర్చో బాబాయ్" అన్నాడు పోలయ్య. రత్తమ్మ వడ్డించింది.