తెల్ల గీత

ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. ఆ తర్వాత విజయనగరంలో ఒక స్టూడియోలో పన్నెండేళ్లు నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో జనం మొటిమలు, ముడతలు చెరిపాను. ఆ పని పోయింది, ఫొటోషాప్ వచ్చింది. అందులో రాసి ఉన్న ఇంగ్లీషు నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏ మీటతో ఏ మీట నొక్కితే ఏమవుతుందో మాత్రం వేళ్లకు తెలుసు. అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది కంట్రోల్ ఎస్. శ్రీకూర్మం రోడ్డులో మా కొట్టుకి కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు. చేసిన పని పోకుండా అడుగడుక్కీ సేవ్ కొట్టాలి. ఇరవై ఏళ్లుగా తుమ్మినా కంట్రోల్ ఎస్ నొక్కుతున్నాను.

ఇప్పుడు ఫొటో దిగడానికి కొట్టుకి ఎవరూ రారు. పోయినవాళ్ల ఫొటోలకే వస్తారు. ఆధార్ జెరాక్స్ తెస్తే తల కోసి, నా దగ్గర తయారుగా ఉన్న నీలం కోటు ఒంటికి అతికిస్తాను. ఈ చుట్టుపక్కల చచ్చిపోయిన మగవాళ్లలో సగం మంది ఒకే కోటులో గోడలకు వేలాడుతున్నారు. బతికుండగా ఒక్కడూ కోటు తొడిగిన పాపాన పోలేదు.

మొన్న మే నెలలో శ్రావణి గారని ఒక డిజైనర్ వచ్చింది. శ్రీకాకుళంలో కొత్త హోటల్ గోడలకు బొమ్మలు కావాలట. పడవలు, వలలు, ఇసుక ఫొటోలు తీసి, వాటిని బొమ్మలుగా మార్చాలట.

"రంగులన్నీ ఇక్కడివే ఉండాలి సూరి గారూ. కానీ అది పడవ అని, మనిషి అని తెలియకూడదు" అంది.

"తెలియకూడదంటే తియ్యడమెందుకమ్మా?"

"అదే కదండీ ఆర్ట్" అని నవ్వింది.

అప్పుడు చేపల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉండి రంగులు వేయించుకుంటున్నాయి. కెమెరా పట్టుకుని వెళ్లాను. రాముడని, నాకు ఎప్పటినుంచో తెలిసినవాడు, తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకుని తన పడవకి నీలం పూస్తున్నాడు. పసుపు బనీను నిండా మరకలే.

"సూరి మావా, నన్ను తీస్తన్నావా, నా పడవనా? ఈ ఏడు ఇద్దరికీ రంగు పడిపోయినాది" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. తీశాను. "నాకో కాపీ ఇస్తావేటి?" అన్నాడు. "ఇస్తాన్లేరా" అన్నాను. ఇవ్వలేదు.

కొట్టుకొచ్చి ఆ ఫొటో తెరిచాను. చేసే పని చాలా తేలిక. ఫొటో మీద పైనుంచి కింది దాకా వెంట్రుక మందాన ఒక నిలువు గీత ఎంచుకుంటాను. ఆ గీతని పట్టుకుని రెండు పక్కలకీ సాగదీస్తాను. గీతలో ఎన్ని రంగులుంటే అన్ని పట్టీలు అడ్డంగా పరుచుకుంటాయి, చేనేత దుప్పటిలాగ. మిగతా ఫొటో వాటి కింద కప్పబడిపోతుంది. రాముడి ఫొటోలో రంగులన్నీ రాముడి మీదే ఉన్నాయి కాబట్టి గీత వాడి నెత్తి మీంచే తీశాను. లాగాను. లేయర్లు, అంటే పైపొరా కింది ఫొటో, ఒకటిగా కలిపేశాను. చెయ్యి దానంతటదే కంట్రోల్ ఎస్ కొట్టింది.

శ్రావణి గారు చూసి మురిసిపోయింది. "మధ్యలో అడ్డంగా ఆ సన్నటి తెల్ల గీత తీసేయండి, బొమ్మ మీద గీరుకున్నట్టుంది" అంది. సరేనన్నాను. నాలుగుసార్లు మార్పించిన మనిషి మీద విసుగొచ్చి తియ్యలేదు. తీశానని చెప్పాను. ఆరడుగుల బొమ్మ హోటల్లో వేలాడుతోంది. ఆ గీత ఇప్పటికీ ఉంది. ఎవరూ చూడలేదు. ఆ గోడ ముందు ఆగి చూసేవాడెవడు?

నిషేధం ఎత్తేసిన వారంలోనే రాముడు పోయాడు. పడవ తిరగబడింది. మూడో రోజున ఒడ్డుకొచ్చిన మనిషిని ఫొటో తియ్యడానికి లేదు.

తొమ్మిదో రోజున వాడి పెళ్లాం అసిరమ్మ మా కొట్టుకొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"బావూ, మా ఆయన ఫొటో నీకాడ ఉన్నాది కదా. రంగులేసినపుడు తీసినావంట. ఎల్లుండి పెద్దినం. ఆ ఫొటోకి దండెయ్యాల."

"ఇంట్లో ఇంకేవీ లేవా అమ్మా?"

"ఏవున్నాయి? పెళ్లి ఆల్బం తిత్లీ తుఫానుకి తడిసి అట్టయిపోనాది. ఫోను ఆడితోపాటే నీళ్లలో పోనాది. ఇదుగో, ఆధారుంది" అని లోపలికొచ్చి జెరాక్స్ కాగితం బల్ల మీద పెట్టింది. అందులో ఒక నల్లటి మచ్చకి రెండు కళ్లున్నాయి.

"దీన్ని బాగు చేస్తాను. మంచి కోటేసి..."

"కోటేసినోడు నాకు తెల్దు బావూ. పోలీసులట్టుకుపోయినోడిలాగున్నాడు ఇందులో. నువ్వు తీసింది ఇయ్యి."

వెతుకుతున్నట్టు కాసేపు మౌస్ ఆడించాను. వెతకడానికి ఏముంది? కబురు తెలిసిన రోజే అంతా వెతికాను. కెమెరా కార్డు ఖాళీ చేసి, దాని మీద ఆ తర్వాత రెండు పెళ్లిళ్ల ఫొటోలు తీశాను. నా దగ్గర ఫొటో ఉన్న వాడి తమ్ముడి మొహానికి మీసం దట్టంగా పెట్టి ఇచ్చేద్దామా అని కూడా ఒక క్షణం అనిపించింది. అలాంటివి చెయ్యనివాణ్నేం కాదు. కానీ ఆవిడ తెర వంక చూసే చూపు చూసి చేతులు రాలేదు.

"పాడు చేసేశానమ్మా. హోటల్ వాళ్లకి బొమ్మ చేస్తూ దాని మీదే సేవ్ కొట్టేశాను. ఇదే మిగిలింది."

బొమ్మ తెరిచాను. ఆవిడ దగ్గరకొచ్చి చూసింది.

"ఇదేటి? తువ్వాలా?"

"రాముడే."

"ఎగతాళా బావూ? మొగుడు పోనోల్ల కాడ?"

"ఒట్టు. ఆడి నెత్తి మీంచి కాళ్ల దాకా ఒక్క గీత తీసి లాగాను." వేలు పెట్టి పైనుంచి చూపించాను. "ఇది ఆకాశం. ఈ ఎరుపు తలకి కట్టిన తువ్వాలు. ఇది నుదురు. ఇది ముక్కు. ఈ నలుపు మీసం. ఇది మెడ. ఈ పసుపు బనీను. మధ్యలో నీలం మరక, చూశావా, పూస్తున్న రంగు పడింది. కిందది పడవ."

ఆవిడ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని తెర మీద మెల్లగా వేలు పెట్టింది.

"మీసం కింద ఈ తెల్లదేటి?"

"పళ్లు. నవ్వుతున్నాడప్పుడు."

అక్కడే వేలుంచింది. బయట ఆటో ఒకటి హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. నాకు లేచి బయటికి పోవాలనిపించింది. పోవడానికి దారిలో ఆవిడే ఉంది.

చివరికి కొంగుతో ముక్కు చీదుకుంది. "మా అత్తోళ్లు దీనికి దండెయ్యనిత్తారేటి? పిచ్చెక్కినాదంటారు. ఆల్లకి ఆధారుదే సెయ్యి. కోటెయ్యకు, ఉన్న సొక్కాతోనే ఒగ్గీ. ఇది నాకు సిన్నది సేసి ఇయ్యి. నూనె మరకలు అంటకుండా."

రెండూ ప్రింటు తీశాను. చిన్నదానికి లామినేషన్ చేశాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఏ పక్క పైకి బావూ? ఇంటికెల్లి తిరగేసి పెట్టెత్తానేమో."

స్కెచ్ పెన్ తీసి వెనకవైపు ఒక బాణం గీశాను. దాని కొసన 'తల' అని రాశాను. నా అక్షరాలు ఎనిమిదో తరగతిలో ఆగిపోయినవే, వంకరగానే వచ్చాయి.

ఆవిడ ఆ అక్షరాల మీద నోటితో ఊది, ఆరాక, రవికలో పెట్టుకుని వెళ్లిపోయింది.