తాడుకెన్ని మార్కులు?

"చక్కెర తెచ్చి కాఫీపొడి సీసాలో పోసిన మహానుభావుడెవరు?" వంటగదిలోంచి టీచరమ్మ గొంతు ఖంగుమంది.

భర్త పేపరు దించలేదు. "చక్కెర సీసా కడిగి బోర్లించావుగా. ఇది ఖాళీగా కనిపించింది, పోశాను."

"ఎందులో ఉండాల్సింది అందులోనే ఉండాలండీ!"

"గోరంతకి కొండంత చేస్తావేం? మూత తీస్తే తెలియదా ఏముందో?"

బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు నవ్వింది. "నీ కోపం సీసా మీద కాదులేవే."

నిజమే. రెండు నెలల కిందట టీచరమ్మ తొమ్మిదో తరగతి పిల్లలతో, "మీ వీధి గురించి ఒక సంగతి పరిశోధించండి. నాటకమో, బొమ్మో, పటమో, మీకు నచ్చినట్టు చూపించండి" అంది. బడిని నడిపే పెద్దమేడంని ముందుగా అడగడం మరిచిపోయింది. నిన్న ఆవిడ మార్కుల కాగితం చేతిలో పెట్టింది. అందులో ఉన్నవి మూడే గడులు: పేజీలు, దస్తూరి, అట్ట.

"పేజీలు లేకపోతే సున్నా. లేదంటే అందరిచేతా పదేసి పేజీలు రాయించండి. మీ ఉద్యోగం కొనసాగింపు ఉత్తర్వు మీద ఈ వారమే సంతకం పెట్టాలి నేను" అంది పెద్దమేడం, చల్లగా.

టీచరమ్మ క్లాసులో పదేసి పేజీలనగానే వెనకబెంచీ పిల్ల మొహం పాలిపోయింది. రాయమంటే చేతులు వణికే పిల్ల అది. పరిశోధన కోసం ఒక రోజంతా తమ ఇంటి కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో హారన్ మోగినప్పుడల్లా తాడుకో ముడి వేసింది. గంట మారినప్పుడల్లా ఒక రంగుదారం కట్టింది. నిన్న ఆ తాడు క్లాసులో బల్లమీదే వదిలేసి వెళ్ళింది. టీచరమ్మ దాన్ని ఇంటికి తెచ్చింది. ఇవాళ బడికి రాలేదు. రేపైనా వస్తుందో రాదో!

భోజనాల దగ్గర అత్తగారి చేతికి బల్లమీది తాడు తగిలింది. చూపు ఆనక ఆవిడ పేపరు చదవడం మానేసి చాలా ఏళ్ళయింది. వేళ్ళతో తడుముతూ పోయి ఒకచోట ఆగింది.

"ఇక్కడేంటే, ముడిమీద ముడిపడి కర్రలా బిగుసుకుపోయింది?"

"అది బడి విడిచే వేళ అత్తయ్యా. అన్నీ హారన్లే."

"అమ్మో! చెవులు చిల్లులు పడి ఉంటాయి పాపం." ఆవిడ ఇంకాస్త ముందుకు తడిమింది. "ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఎవరే ఈ పిల్ల? గుడ్డిదాన్ని నాక్కూడా చెప్పేసింది!"

టీచరమ్మ కంచం పక్కకి జరిపి తాడు అందుకుంది.

"ఆ పిల్లచేత రాయించను" అంది. "అడక్కుండా మాటిచ్చింది నేను. తప్పు నాదేనని రేపు పెద్దమేడంతో చెప్తాను. ఆ మూడు గడులూ కొట్టేసి, ఏం కనిపెట్టారు, ఎలా కనిపెట్టారు అని రెండు గీస్తాను. అందరికీ వాటి మీదే మార్కులు. ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్ళి బడికి తీసుకెళ్తాను."

భర్త మంచినీళ్ళ గ్లాసు దించాడు. "మరి నీ ఉద్యోగం?"

"గుండె దడదడలాడుతూనే ఉందండీ. అయినా వెళ్తాను."