మాస్టర్ కిల్‌బేన్ గురించి నెస్సా రాసింది

మా ఊరి హైస్కూల్లో నాలుగో ఏడు పిల్లలకి పరీక్షలుండవు. మూడో ఏడు చివర ఒక పెద్ద పరీక్ష, ఆరో ఏడు చివర అంతకన్నా పెద్దది. మధ్యలో ఈ ఒక్క ఏడాదీ పిల్లలు మనుషులుగా ఎదగడానికట. ధైర్యం, సేవ, నాయకత్వం, వ్యక్తిత్వం అని రంగు కాగితాలమీద రాసి గోడలకి అంటిస్తారు. కొండలెక్కిస్తారు, నాటకం వేయిస్తారు, కేకులు చేసి అమ్మితే కంపెనీ నడిపారంటారు. ఐర్లండ్ అంతా ఇదే తంతు. నేను పద్నాలుగేళ్ళకి ఆ బడి గేటు దాటి బయటికొచ్చి మళ్ళీ వెళ్ళలేదు కాబట్టి నా వ్యక్తిత్వాన్ని ఎవరూ పెంచలేదు. టైర్ల షాపులో దానంతట అదే పెరిగింది, పెరిగినంత.

నెస్సా నా ఒక్కతే కూతురు. నలుగురిలో నోరు తెరవాలంటే మెడ ఎర్రబడిపోతుంది దానికి. కొట్లో చిల్లర తక్కువిచ్చినా అడగదు, బయటికొచ్చి వాళ్ళమ్మతో చెప్తుంది. అలాంటిది ఈ ఏడాది సేవ కింద వృద్ధాశ్రమానికి వెళ్తానని చెయ్యెత్తింది. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఒక్కో పిల్ల ఒక్కో ముసలిమనిషి దగ్గర కూర్చుని వాళ్ళ జీవితకథ విని రాయాలి. మే నెలలో ఊరి హాల్లో, ఆ ముసలివాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టి, అందరిముందూ చదవాలి.

ఎవరికి ఎవరో టోపీలో చీటీలు వేసి తీయించింది వాళ్ళ టీచరు మిస్ డెవనీ. ఆవిడ వెక్స్‌ఫర్డ్ నుంచి వచ్చి ఏడాదైనా కాలేదు. ఊరి సంగతులేం తెలుసు పాపం.

"నాకు మాస్టర్ కిల్‌బేన్ వచ్చారు," అంది నెస్సా భోజనాల దగ్గర. "మీ కాలంలో లెక్కలు చెప్పేవారట కదా నాన్నా?"

"చెప్పేవాడు," అన్నాను. లేచి పొయ్యిలో బొగ్గు వేశాను. పొయ్యి నిండా అప్పటికే బొగ్గుంది. మా ఆవిడ డెర్వ్లా నావైపు చూసి, బంగాళదుంపల గిన్నె నెస్సా ముందుకి తోసింది.

అక్కడే ఆపాల్సింది. ఆపలేదు. చలికాలమంతా ప్రతి బుధవారం ఆ పిల్ల బిస్కెట్ల పొట్లం పట్టుకుని వెళ్ళింది, వచ్చి ఆయన ముచ్చట్లు చెప్పింది. ద్వీపంలో పుట్టాడట, పడవలో బడికెళ్ళేవాడట, మొదటి జత బూట్లు వాళ్ళన్న వాడి వదిలేసినవట. నేను వింటూ ఏదో ఒకటి చేస్తుండేవాణ్ణి. కొళాయి బిగించడం, కుక్కని బయటికి తీసుకెళ్ళడం. ఆ చలికాలం మా కుక్క తిరిగినంత ఏ కుక్కా తిరిగి ఉండదు.

చదివే రోజుకి ఇంక వారమే ఉంది. పొద్దున బడికి దింపుతుంటే వ్యాన్లో కాగితాలు తీసింది.

"సాధన చేస్తా. నవ్వకు."

"నేనెప్పుడు నవ్వానే?"

"అదీ నిజమే," అని మొదలుపెట్టింది. పుట్టుక, పడవ, బూట్లు. ఆ తర్వాత ఇలా చదివింది: "తను చేసిన ఒక పని తనని ఇప్పటికీ వదల్లేదని మాస్టర్ కిల్‌బేన్ చెప్పారు. లెక్క తప్పు చేశాడని ఒక పిల్లాడి చెయ్యి బల్లమీద పెట్టించి, బోర్డుమీద గీతలు గీసే చెక్క బద్ద అంచుతో కొట్టారు. వేలు విరిగింది. ఆ పిల్లాడు మర్నాటినుంచి బడికి రాలేదు."

ముందు ట్రాక్టరు వెళ్తోంది. దాన్ని దాటాలో వద్దో తెలియక దాని వెనకే పాకాను.

"పేరు చెప్పాడా?"

"లేదు. అడిగితే కిటికీలోంచి బయటికి చూశారు. నాన్నా, ఆ పిల్లాడు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉంటాడంటావా? ఆ రోజు హాలుకొస్తే ఎంత బావుంటుందో! మాస్టర్ బాధపడ్డారని తెలిస్తే అతనికి మనసు తేలికపడుతుందంది మిస్ డెవనీ."

స్టీరింగు మీద నా కుడి చెయ్యి ఉంది. చూపుడువేలు పై కణుపు దగ్గర పక్కకి తిరిగి ఉంటుంది. చిన్నప్పుడు నెస్సా ఆ వేలు పట్టుకునే నడక నేర్చుకుంది. ఇదేంటని అడిగినప్పుడు పశువుల గేటులో పడి నలిగిందని చెప్పాను. ఆ గేటు నేను కట్టిన కథ కాదు. ఆ సాయంత్రం మా నాన్న డాక్టరుతో చెప్పిన కథ. నేను దాన్ని పారేయకుండా దాచుకున్నానంతే.

ఊరంతటికీ తెలుసు. నాతో చదివినవాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, పాలవాడు, ఫాదరు. కానీ మా ఊళ్ళో తెలిసినదాన్ని తెలిసినట్టు కనబడటం అమర్యాద. అందుకని పిల్లకి ఒక్కదానికే తెలీదు.

"చెప్పెయ్," అంది డెర్వ్లా ఆ మధ్యాహ్నం అదంతా విని, ఇస్త్రీ చేస్తూ. "లేకపోతే నేను చెప్తా."

"నువ్వు చెప్పకు."

"అయితే ఏం చేస్తావ్? అది స్టేజి మీద నిలబడి ఎవరో పాపం పిల్లాడని చదువుతుంటే, వెనక నిలబడి చెయ్యి జేబులో పెట్టుకుంటావా?"

"ఆ ముక్క తీయించేస్తా."

"ఆహా. బడికెళ్తావా నువ్వు? క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటాను ఉండు."

వెళ్ళాను. గేటు కొత్తది, కడ్డీలకి ఆకుపచ్చ రంగు. అయినా దాటుతుంటే అదే పాత సుద్ద వాసన. మిస్ డెవనీ నాకు పిల్లల కుర్చీ వేసింది. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను.

"ఆ పిల్లాడి సంగతి తీసెయ్యండి మేడమ్."

"అయ్యో, ఫెస్టీ గారూ! దానికి ప్రాణం ఆ ముక్కలోనే ఉంది కదండీ."

"ముసలాయన పరువు పోతుంది." కిల్‌బేన్ పరువు నేను కాపాడుతున్నాను. అంతవరకూ వచ్చింది.

"ఆయనే రాయమన్నారండీ. అసలు నెస్సా ఎంత మారిందో చూశారా? సెప్టెంబర్లో హాజరు పిలిస్తే పలికేది కాదు. ఇప్పుడు హాలంతా వినేలా చదువుతానంటోంది. అది ఎన్ని పరీక్షలు రాస్తే వస్తుంది చెప్పండి?"

"ఆ పిల్లాడెవరో మీకు తెలుసా?"

"తెలీదు. స్టాఫ్ రూములో అడిగితే అందరూ ఒక్కసారిగా లేచి టీ కప్పులు కడుక్కోవడం మొదలుపెట్టారు." ఆవిడ నవ్వింది. "మీకు తెలుసా?"

"టైర్లవాణ్ణి, నాకేం తెలుస్తాయి మేడమ్," అని కుర్చీలోంచి ఊడదీసుకుని లేచాను.

అక్కడినుంచి వృద్ధాశ్రమానికి వెళ్ళాను. ఎందుకో నాకే తెలీదు. ముసలాయన్ని రెండు మాటలని గొంతు పిసికేద్దామన్నంత వేడి మీదున్నాను. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో గళ్ళ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆ చేతులు ఎంత చిన్నవైపోయాయో.

"ఎవరబ్బాయివి నువ్వు?" అన్నాడు.

"టైర్ల షాపు."

"నా కుర్చీకి గాలి అక్కర్లేదు."

"నెస్సాకి ఆ పిల్లాడి సంగతి ఎందుకు చెప్పారు?"

దుప్పటి మోకాళ్ళమీదికి లాక్కున్నాడు. వినబడలేదేమో అనుకున్నాను. "అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు," అన్నాడు. "ఆ పిల్లాడి నాన్న వస్తాడనుకున్నాను. తన్నడానికి. గుమ్మం దగ్గర చప్పుడైతే లేచి నిలబడేవాణ్ణి, కూర్చుని తన్నులు తినకూడదని. రాలేదు. ఆదివారం చర్చి బయట ఎదురుపడ్డాడు."

"ఏమన్నాడు?"

"టోపీ తీశాడు నాకు. టోపీ తీసి, గుడ్ మార్నింగ్ మాస్టర్ అన్నాడయ్యా."

ఆయన నన్ను గుర్తుపట్టాడో లేదో తెలీదు. నేను పేరు చెప్పలేదు. వ్యాన్లో కూర్చుని ఇంజను వేసి చాలాసేపు కదలకుండా ఉన్నాను. ఇన్నాళ్ళూ ఒక్కడి మీద మోసుకొచ్చిన కోపం. ఇప్పుడు దాన్ని పంచాలి, పంచాల్సిన రెండోవాడు మట్టిలో ఉన్నాడు. వేలు విరిగిన రాత్రి దానికి గుడ్డ చుట్టి, "చదువు నీకు పడదులే, టైర్ల దగ్గర మాట్లాడాను," అన్నాడు మా నాన్న. నేను దాన్ని ప్రేమనుకున్నాను.

చదివే రోజు సాయంత్రం నెస్సా బడినుంచి నేరుగా షాపుకొచ్చింది, నాతో హాలుకి రావడానికి. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితాలు. నేను చేతులు కడుక్కుంటున్నాను.

"నెస్సా. గేటు కాదు."

"ఏ గేటు?"

తడి చెయ్యి పైకెత్తి చూపించాను. చూసింది. నా మొహం చూసింది. మళ్ళీ వేలు చూసింది.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"కోల్మన్ మామకి?"

"బళ్ళో నా పక్క బల్లే వాడిది."

"ఇంకెవరికి?"

"అందరికీ."

"అంటే," అంది మెల్లిగా, "నేను అక్కడ నిలబడి ఆ పిల్లాడెవరో ఎక్కడున్నాడో అని చదువుతుంటే, ఊరంతా నా మొహం చూస్తూ కూర్చునేవాళ్ళు."

"అందుకే చెప్పాను."

"ఇవాళా? ఇప్పుడా? ప్రతి బుధవారం ఆయనకి బిస్కెట్లు టీలో ముంచి తినిపించాను నాన్నా. నువ్వే దింపావు నన్ను. ఒక్కసారైనా నోరు తెరిచావా?"

గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాను, అవి ఎప్పుడో ఆరిపోయాయి.

"నేను చదవను," అంది. "ఇదివరకు ఇది కథ. ఇప్పుడు చదవలేను."

నేను కోరుకున్నది అదే. వారంనుంచి దానికోసమే తిరిగాను. కానీ వ్యాన్లో తల వంచి, కాగితాలు పొట్టకి అదుముకుని కూర్చున్న పిల్లని చూస్తే, హాజరు పిలిస్తే పలకని పిల్ల మళ్ళీ నా పక్కన కూర్చున్నట్టుంది. ఆ బడినుంచి ఇంకొకర్ని నోరు మూయించి వెనక్కి తీసుకొస్తున్నాను. ఈసారి బద్ద నా చేతిలోనే ఉంది.

ఏదైనా అందామనుకున్నాను. హాలు వచ్చేసింది.

మే నెల సాయంత్రం, బయట ఇంకా పట్టపగల్లా వెలుగు. ఆడవాళ్ళు కుర్చీల్లో, మగవాళ్ళు తలుపు దగ్గర గోడకి ఆనుకుని. చర్చిలోనూ మేం అలాగే నిలబడతాం, అవసరమైతే జారుకోవడానికి వీలుగా. కోల్మన్ నా భుజం తట్టాడు.

"ఒరేయ్ ఫెస్టీ, ఇంతమంది బిషప్ వచ్చినప్పుడు కూడా రాలేదురా. శాండ్విచ్‌లు ఉన్నాయని ఎవరో పొక్కించేశారు."

"నువ్వే అయ్యుంటావ్."

"హామ్‌వి నావి, గుడ్డువి నీకు," అన్నాడు. ముందు వరసలో కిల్‌బేన్ తల వెనకభాగం కనబడింది వాడికి. నవ్వు ఆపేశాడు.

ఒక్కొక్కళ్ళే చదివారు. ఎవరో ముసలావిడ డాన్సుల్లో మొగుణ్ణి వెతుక్కున్న కథకి అందరూ నవ్వారు. తర్వాత మిస్ డెవనీ "నెస్సా మెలియా" అంది. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచింది. వాళ్ళమ్మ పక్కనుంచి నెస్సా లేచింది. తలుపు వైపు నడిచి ఇంటికెళ్ళిపోతుందనుకున్నాను. స్టేజి ఎక్కింది.

చదివింది. పుట్టుక, పడవ, బూట్లు. వినీ వినబడకుండా. "తను చేసిన ఒక పని తనని ఇప్పటికీ వదల్లేదని మాస్టర్ కిల్‌బేన్ చెప్పారు," అని చదివి ఆగిపోయింది.

హాలంతా ఆగింది. వాళ్ళకి అర్థమైంది. ఒక్క తల కూడా నావైపు తిరగలేదు. అదీ మా ఊరి మర్యాద. నేలమీద, చేతి గడియారాలమీద, ఫాదరు బూట్లమీద చూపులు. మిస్ డెవనీ ఫరవాలేదమ్మా అన్నట్టు సగం లేచింది, పిల్లని దింపేయడానికి. నెస్సా కాగితాన్ని మడవడం మొదలుపెట్టింది.

"చదువు తల్లీ," అన్నాను.

షాపులో ఎయిర్ పంపు మోతని మించి అరిచే గొంతు నాది. అలాగే వచ్చింది. అప్పుడు తిరిగాయి తలలన్నీ.

నెస్సా మైకులోనే అడిగింది: "పేరుతోనా నాన్నా?"

ముందు వరసలో ఆ తెల్లటి తల కదల్లేదు. డెర్వ్లా మొహం చేతుల్లో పెట్టుకుంది.

"పేరుతోనే."

కాగితం మడత విప్పి చదివింది. లెక్క, బల్ల, బద్ద అంచు. "ఆ పిల్లాడు మర్నాటినుంచి బడికి రాలేదు. అతని పేరు ఫెస్టీ మెలియా. మా నాన్న. నాకు ఇవాళే తెలిసింది. మీకందరికీ ముందే తెలుసు."

ఆ ఆఖరి మాట నేను ఊహించలేదు. ఊరి మొహాన కొట్టినట్టు వచ్చింది. ఒక కుర్చీ కిర్రుమంది. నేను తలుపు తోసుకుని బయటపడ్డాను. కార్ల మధ్య ఆ చివరికి నడిచాను, ఈ చివరికి నడిచాను. లోపలినుంచి గొంతు వినబడుతోంది కానీ మాటలు తెలియడంలేదు.

కోల్మన్ వచ్చాడు.

"ఏరా, ఇక్కడేం చేస్తున్నావ్? పిల్ల ఇంకా చదువుతోంది."

"ఏం చదువుతోంది?"

"నీ గురించి కాదులే, అంత గొప్పవాడివేం కాదు. ఆయన్ని అడిగిందట, పశ్చాత్తాపపడితే వెళ్ళి ఎందుకు చెప్పలేదూ అని. ఆయన ఏమన్నాడో ఇప్పుడు చదవబోతోంది." గొంతు సవరించుకున్నాడు. "నాకు వినాలనుందిరా. ఒక్కడినే వినలేను."

ఇద్దరం లోపలికి నడిచాం. తలుపు దగ్గర మగవాళ్ళు జరిగి చోటిచ్చారు. నెస్సా గొంతు వణుకుతోంది. వణుకుతూనే ఒక కాగితం కిందపెట్టి ఇంకోటి అందుకుంది.