రెండూ గుండ్రంగానే ఉన్నాయి

పన్నెండున్నరకు ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. ఒక బాలింతకు నాలుగింటికి ఆపరేషన్. ఓ నెగిటివ్ రక్తం ఇచ్చేవాళ్ళు ఇద్దరు కావాలి, రెండింటికల్లా రావాలి.

"పంపిస్తామండీ, మీరు నిశ్చింతగా ఉండండి" అని పిట్ట గొప్పగా మాటిచ్చేసింది. ఇంట్లో అందరూ పిట్ట అనే పిలిచే ఆ ఇరవై మూడేళ్ళ పిల్లకు ఇలాంటి ఫోన్ కోసం వారం రోజులుగా చేతులు దురద పెడుతున్నాయి.

బస్సు డ్రైవరుగా రిటైరైన నాన్న రక్తదాతల వివరాలు ఒక లావుపాటి పుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. నాలుగు వందల పేజీలు, ఎవరు ముందు చేరితే వాళ్ళు ముందు. ఒకరికి రెండు ఫోన్లుంటే, ఇంకొకరికి పక్కింటివాళ్ళ ఫోనే గతి. ఒకాయన పేజీలో 'పొద్దున్నే లేపితే తిడతాడు' అని కూడా ఉంది. గళ్ళు గీసిన పట్టికలో ఇలాంటి మనుషులు ఇమడరు. అందుకే పిట్ట కంప్యూటర్లో ఒక్కొక్కరికీ ఒక్కో డాక్యుమెంట్ ఉండే డేటాబేస్ పెట్టింది. ఎవరి సంగతులు వాళ్ళవి, ఒకరిలా ఇంకొకరు ఉండనక్కర్లేదు. నాన్న నెలంతా కూర్చుని రెండు వేళ్ళతో అన్నీ కొట్టాడు. వెతికే ప్రోగ్రాం పిట్ట పైథాన్‌లో రాసింది.

ప్రోగ్రాముకూ డేటాబేసుకూ మధ్య రాకపోకలు నడిపే కోడును డ్రైవర్ అంటారని చెప్పినప్పుడు మాత్రం నాన్న నొచ్చుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, బయట నుంచి డ్రైవర్ని తెచ్చుకున్నావా?"

ఇప్పుడాయన కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తెరిచాడు. "చూద్దాం, ముందు ఎవరికి దొరుకుతారో."

పిట్ట నవ్వుతూ ఎంటర్ నొక్కింది. డ్రైవర్ డేటాబేసును అందుకుంది. ఓ నెగిటివ్ వాళ్ళు ఎంతమంది అని అడిగింది.

సున్నా.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ సున్నా. నవ్వు కాస్తా ఎగిరిపోయింది. నాన్న ఇంకా పదిహేడో పేజీలో ఉన్నాడు. ఇలా అయితే సాయంత్రం దాకా తెమలదు. మాటిచ్చింది తను. అక్కడ మంచం మీద ఎవరో పచ్చి బాలింత. నిజానికి పిట్టదీ ఓ నెగిటివే. కానీ సూది కనబడితే గుడ్లు తేలేస్తుంది, ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే నాన్న ఆమె పేరు పుస్తకంలో ఎక్కించలేదు.

షరతులన్నీ తీసేసి అందరినీ పిలిచింది. నాలుగు వందల పన్నెండు మంది బిలబిలమంటూ వచ్చారు. అంటే డ్రైవర్ తప్పేమీ లేదు. ఏయే గ్రూపుల పేర్లున్నాయో ఏకరువు పెట్టమంది. ఎనిమిది వచ్చాయి, ఎనిమిదీ సరిగ్గానే ఉన్నాయి. మరి? తెరకు ముక్కు ఆనించి చూసింది. ఇంగ్లిషు అక్షరాల్లో ఆ ఓ ఒక్కటే కాస్త చిక్కిపోయినట్టుంది.

"నాన్నా! ఓ బదులు సున్నా కొట్టావా?"

"చెయ్యి అంకెల దగ్గరుంటే అదే కొట్టేశా. రెండూ గుండ్రంగానే ఉన్నాయి కదే!"

పిట్ట ఎగిరి గంతేసింది. ఒక్క అక్షరం మార్చి నొక్కింది. ముగ్గురు!

మొదటాయన వేరే ఊళ్ళో ఉన్నాడు. రెండో ఆమె బేకరీ నడుపుతుంది. ఫోన్ చేస్తే, "ఏప్రన్ విప్పేసి వస్తున్నా" అంది. ఇంకొక్కరు చాలు. పిట్ట ఆత్రంగా మూడో డాక్యుమెంట్ తెరిచింది.

పేరు: పిట్ట. గమనిక: అడగొద్దు. తనే వస్తుంది.

పేజీలు తిరిగే చప్పుడు ఆగిపోయింది.

"ఇది పుస్తకంలో లేదుగా నాన్నా."

"పుస్తకం నువ్వెప్పుడు చూశావని? ఇందులో అయితే ఎప్పటికో చూస్తావని పెట్టా" అన్నాడు నాన్న, కళ్ళజోడు తుడుచుకుంటూ.

పిట్టకు భయం వేసింది. బోలెడంత భయం. అయినా ఒళ్ళంతా ఏదో హుషారు. నర్సుకు ఫోన్ చేసి, "ఇద్దరూ దొరికారండీ" అని చెప్పి లేచి నిలబడింది.

"పద నాన్నా, బండి తియ్యి."

"మరి నీ డ్రైవరో?"

"వాడు ఇక్కడిదాకా తెచ్చాడు. సూది గుచ్చేటప్పుడు పట్టుకోడానికి చెయ్యి నీదే కావాలి."